బస్సు టాపు మీద హాజరు

ముందే చెప్పేస్తున్నాను. ఆ ఆదివారం మద్దిలపాలెం సెంటర్లోకి బస్సు టాపు మీద, సైకిలును కావలించుకుని పడుకుని వచ్చిన మనిషికి పిచ్చి లేదు. అతను హార్బరులో టైమాఫీసు గుమాస్తా. ఇద్దరు పిల్లల తండ్రి. నేనే! మీలో కొందరు కళ్ళారా చూశారని తెలుసు. చూడనివాళ్ళకు చూసినవాళ్ళు చెప్పారనీ తెలుసు. నా నోటితో నేనే చెబితే కనీసం పక్కన మేక కూడా ఉందన్న మాట కొట్టేయవచ్చని ఇది రాస్తున్నాను. మేక లేదు. సైకిలొక్కటే.

మా పిల్లలిద్దరూ గోదావరి జిల్లాలో హాస్టళ్ళలో ఉండి చదువుతున్నారు. బాబు చిన్నవాడు, వాడికి ఇందులో పాత్ర లేదు. అమ్మాయి పద్మ తొమ్మిదో తరగతి. పిల్లల్ని దూరంగా పెట్టి పెంచడమంటే ఇన్‌లాండ్ లెటర్ల మీద పెంచడమే. జ్వరం వచ్చిందని ఉత్తరం చేరేసరికి అక్కడ జ్వరం తగ్గిపోయి ఉంటుంది. ఇక్కడ నాకు మొదలవుతుంది.

వానాకాలంలో పద్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పరుగు పందెం ప్రాక్టీసులో చీలమండ మడత పడిందట. వాపు చాలావరకు తగ్గిందట. "కానీ పరుగెత్తాలంటే భయంగా ఉంది నాన్నగారూ. పోటీలకు నా పేరు తీసేయమని డ్రిల్లు టీచరుగారికి చెప్పనా?" అని అడిగింది.

మామూలు తండ్రి అయితే "నీ ఇష్టం తల్లీ" అని రాసి ఊరుకునేవాడు. నేను నాలుగు వైపులా, అతికించే మడత మీద కూడా రాశాను. ధైర్యం చెప్పాలన్న ఊపులో చివర ఇలా వచ్చేసింది: "చిన్న చిన్న నొప్పులకు ఆగిపోకూడదమ్మా. నాకు మోకాలు నొప్పి. అయినా రోజూ పొద్దున్నే బీచి రోడ్డులో పరుగెడుతున్నాను."

మోకాలు నొప్పి నిజమే. పరుగు మాత్రం, నేను చివరిసారి పరుగెత్తింది నా పెళ్ళిలో, రైలు అందుకోవడానికి.

ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాక తెలిసొచ్చింది. మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన కళాసీకి ఎర్రసిరాతో గీత పెట్టే మనిషిని నేను. కన్నకూతురికి అబద్ధం రాశానా! డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు దాకానే వెళ్ళింది. ఇక మిగిలింది ఒకటే దారి. ఉత్తరం చేరేలోగా దాన్ని నిజం చేసెయ్యాలి.

మర్నాడు తెల్లవారుతూనే కొత్త కాన్వాసు బూట్లు వేసుకుని పరుగెత్తాను. రెండు ఫర్లాంగులకే రెండు మడమలూ బొబ్బలెక్కాయి. మూడోరోజు బీచి రోడ్డు కుక్కలు నన్ను దొంగ అనుకున్నాయి. ఆ రోజు మాత్రం మంచి వేగం వచ్చింది. వారం తిరిగేసరికి మోకాలు బన్నురొట్టెలా ఉబ్బింది. సరే, పరుగు కాకపోతే సైకిలు! ప్యాంటు అంచు చైనులో ఇరుక్కుని ఇసుకలో పడ్డాను, మోచెయ్యి గీరుకుంది. సరే, నడక! చీకట్లో రాయి తన్నుకుని కాలి బొటనవేలి గోరు నల్లబడింది.

"ఏమండీ, అమ్మాయికి ఒక్క కాలే కదా నొప్పి. మీరు ఒళ్ళంతా ఎందుకు చేసుకుంటున్నారు?" అంది మా ఆవిడ శారద, కర్పూరం నూనె కాస్తూ.

మా ఆఫీసులో నాతో పనిచేసే అప్పలరాజుది సబ్బవరం దగ్గర పల్లె. ఇప్పుడు మద్దిలపాలెంలో కాపరం. అతను నన్ను చూసి, "ఏటి బావా, కుంటతన్నావ్? సిన్నపిల్ల పందెవుకి నువ్వు ఆయాసపడతన్నావేటి?" అన్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. వృత్తి బుద్ధి పోనిచ్చుకోలేదు నేను. తెల్లకాగితం మీద గళ్ళు గీసి మస్టరు తయారుచేశాను. తేదీ, పరుగు, సైకిలు, నడక, సంతకం. హాజరైన రోజుకు పి, కాని రోజుకు ఏ. వారం వారం నకలు పద్మకు. "నువ్వూ ఇలాగే గీసి పంపు" అని సూచన.

పద్మ జవాబు రాసింది. నా మస్టరు హాస్టలు గోడకు అంటించారట. డ్రిల్లు టీచరుగారు అందరికీ చదివి వినిపించారట. "మీ మోకాలు నొప్పి పెడుతున్నా ఒక్క ఏ కూడా లేదని అందరూ మెచ్చుకుంటున్నారు నాన్నగారూ. నేనూ పేరు తీయించుకోలేదు. మీరు చేయగా లేనిది నేను చేయలేనా!"

చూశారా! గోడకెక్కిన మస్టర్లో ఏ ఎలా వేస్తాను? కాలు కదపలేని రోజున వసారాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగి నడక గడిలో పి వేశాను. ఇంకోరోజు సైకిలు స్టాండు వేసి, సీటు మీద కూర్చుని, చక్రం గాల్లో తిప్పాను. దానికీ పి. ఆ సంతకాలు పెడుతుంటే శారద చూసి, పాపం, నా మోకాలికి నూనె కాయడానికి వంటింట్లోకి వెళ్ళింది.

ఇంతలో పోటీలు మన ఊళ్ళోనే అన్న కబురొచ్చింది. పిల్లలకు బస మద్దిలపాలెం దగ్గర ఒక బళ్ళో. పందెం సోమవారం. ఆనందం పట్టలేక పద్మకు రాశాను: "ఆదివారం పొద్దున్నే సింహాచలం దాకా సైకిలు తొక్కి, కొండ మెట్లెక్కి, నీ కాలు గురించి స్వామికి దణ్ణం పెట్టుకుని, దిగి, మళ్ళీ సైకిలు మీదే పది గంటలకు మద్దిలపాలెం సెంటర్లో టీకొట్టు దగ్గరికి వస్తాను. నన్ను చూశాక నీకు భయమే ఉండదు."

ఇందులో సగం, ఆఖరి మాటతో సహా, నిజమైంది.

అయిదింటికి బయలుదేరాను, బనీను, తెల్ల నిక్కరు, కాన్వాసు బూట్లతో. సైకిలు తొక్కాను. మెట్లెక్కాను. దణ్ణం పెట్టుకున్నాను. దిగేటప్పుడు, సగం మెట్ల దగ్గర, కుడి మోకాలు కటుక్కుమంది. ఇక వంగనంది! నిటారుగా, కర్రలాగా, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంటే, తలనీలాలిచ్చిన పసివాళ్ళు కూడా నన్ను దాటుకుని దిగిపోయారు. కిందికి చేరేసరికి తొమ్మిది దాటింది. వంగని కాలుతో సైకిలెక్కడం ఎలా? పదింటికి మద్దిలపాలెం చేరేదెలా?

అప్పుడే బస్సొచ్చింది. టాపు మీద సామాన్ల చట్రం, వెనకాల ఎక్కడానికి ఇనప మెట్లు. కండక్టరు సైకిలు పైకెక్కించనిచ్చాడు. కొబ్బరికాయల కొట్టులో తాడడిగి పట్టుకొచ్చి నేనే కట్టాను. దారిలో జారిపడి ఎవరి నెత్తినైనా పడితే? అని ఒక ముడి. ఆ ముడి ఊడితే? అని ఇంకోటి. అలా ఏడు ముళ్ళు వేశాను.

"ఒక్క ముడి సాల్దా బాబూ? ఏనుగునేటైనా కడతన్నారా?" అని కింద నుంచి కండక్టరు.

సైకిలుకు సామాను టిక్కెట్టు కూడా అడిగి తీసుకున్నాను, మద్దిలపాలెం దాకా. అందులో లోటు లేదు నాకు.

బస్సులో కూర్చున్నాక పాడు ఆలోచన వచ్చింది. సెంటర్లో పిల్ల చూస్తుండగా బస్సు దిగడమా? ఒక స్టాపు ముందు ఇసుకతోటలో దిగిపోతే? అక్కణ్ణించి రోడ్డు కొంచెం పల్లం. తొక్కనక్కర్లేదు. కుడికాలు చాపి కూర్చుంటే సైకిలే వెళ్ళిపోతుంది. మొహాన కాసిని నీళ్ళు చల్లుకుంటే చెమటలా ఉంటుంది. అవునండీ, ఇదంతా నేనే ఆలోచించాను. నలభై మూడేళ్ళ మనిషిని.

ఇసుకతోటలో బస్సు ఆగింది. ఎవరికీ చెప్పకుండా వెనక నుంచి దిగి, ఎడమకాలు మెట్టు మీద, కుడికాలు గాల్లో, ఎలాగో టాపెక్కాను. ముళ్ళు విప్పబోతే, ఎక్కడ విప్పుతాం! వేసిందెవరు! రెండు ఊడదీసేసరికి గోళ్ళు లేచిపోయాయి. మూడోది విప్పుతుండగా కింద "రైట్ రైట్!" అని వినిపించింది. నాది మద్దిలపాలెం టిక్కెట్టు కదా, నేను లోపలే ఉన్నాననుకున్నాడు కండక్టరు.

బస్సు కదిలింది.

కంగారులో టాపును రెండు చేతులా దబదబ బాదాను. బస్సు మీద ఒక్కసారి కొడితే ఆగమని, రెండుసార్లు కొడితే పొమ్మని మనందరికీ తెలుసు. నేను కొట్టింది ఓ పాతిక. కండక్టరు తొందరపెడుతున్నాడనుకుని డ్రైవరు ఇంకా వేగం పెంచాడు. వేగం పెరిగినకొద్దీ నేను బాదాను. నేను బాదినకొద్దీ వేగం పెరిగింది. పక్కనుంచి స్టీలు ప్లాంటు పనులకు ఇనుము మోసే లారీ ఒకటి వెళ్తుంటే, అందులో కూలీలు నాకు చేతులూపారు. చివరికి సైకిలు మీద బోర్లా పడి, హ్యాండిలును కావలించుకుని, స్వామివారిని తలుచుకున్నాను. పైకి ఎక్కించిందీ ఆయనేనేమో!

మద్దిలపాలెం. టీకొట్టు. తెల్ల బట్టల్లో వరసగా పన్నెండుమంది ఆడపిల్లలు. ముందు మెళ్ళో ఈల వేసుకుని డ్రిల్లు టీచరుగారు. పక్కన మా పద్మ. అందరూ సింహాచలం దారి వైపే చూస్తున్నారు, నా సైకిలు కోసం. బస్సొచ్చి సరిగ్గా వాళ్ళ ఎదురుగా ఆగింది. ముందు చూసింది బస్సు దిగిన ఒక చేపల గంప ముసలమ్మ.

"ఓలమ్మో! ఈ బాబేటి, సైకిలేసుకుని తొంగున్నాడు!"

తలలన్నీ పైకి లేచాయి. టీచరుగారు కళ్ళద్దాలు సవరించుకుని, "పద్మా, మీ నాన్నగారు సైకిలు మీద వస్తారన్నావు?" అన్నారు.

పద్మ ఒక్క క్షణం నన్ను చూసింది. "సైకిలు మీదే ఉన్నారండీ" అంది, చాలా నెమ్మదిగా.

ఇంతలో మా అమ్మాయిని చూడ్డానికని నేనే రమ్మన్న అప్పలరాజు టీగ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చాడు. "ఏటి బావా! సైకిలు తొక్కుకొనొత్తానన్నావ్, బస్సు నెత్తినెక్కి తొక్కతన్నావేటి!" కండక్టరు కింద నుంచి నెత్తి కొట్టుకుంటున్నాడు. "ఇందాకట్నుంచి బాదతన్నది మీరా బాబూ? నాను కొబ్బరికాయలనుకున్నాను!"

మిగిలిన ముళ్ళు టీకొట్టు కత్తితో కోసి, ముందు సైకిల్ని, తరువాత నన్ను దింపారు. ఆ క్రమంలోనే.

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. పద్మ నవ్వలేదు. బల్ల మీద నా పక్కన కూర్చుని మోకాలు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇంత వాపు?"

"నెల దాటింది."

"మస్టర్లో లేదే?"

అప్పుడు చెప్పేశాను. వసారా నడకలు, గాల్లో తిప్పిన చక్రం, ఇసుకతోట ఆలోచన. ఆఖరికి మొదటి ఉత్తరం రాసేనాటికి నేను ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదని కూడా. కళాసీలు నా కిటికీ ముందు నిలబడి సంజాయిషీలు చెప్పుకుంటారే, అచ్చం అలాగే, నేల చూస్తూ.

పద్మ బూటు విప్పింది, మేజోడు కిందికి లాగింది. చీలమండ నీలంగా ఉబ్బి ఉంది.

"తగ్గలేదు నాన్నగారూ. మీకు అన్నీ పి లే ఉంటే, నాకు నొప్పి అని చెప్పడానికి సిగ్గేసింది. నేనూ అన్నీ పి లే వేశాను."

నవ్వుతాలుగా చెబుతున్నానని అనుకోకండి. బస్సు టాపు మీద పోని నా పరువు ఆ బల్ల మీద పోయింది. నా బడాయి చూసి పిల్ల వాచిన కాలుతో నెలరోజులు పరుగెత్తింది! ఆ వేలెడు నీలం చూస్తుంటే నాకు నా మోకాలు గుర్తే రాలేదు.

టీచరుగారు కాలు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎముకకేం ఫర్వాలేదు. రేపు పందెం లేదు. మూడు వారాలు పరుగు లేదు. రోజూ కాస్త నడక, అంతే" అన్నారు. పద్మ కళ్ళు తుడుచుకుంది. టీచరుగారు ఇంకా మంచివారు. "ఆ నియమం మీకు కూడానండీ" అన్నారంతే.

సోమవారం మా పద్మ పందెంలో పరుగెత్తలేదు. గీత దగ్గర టేపు పట్టుకుని నిలబడింది. తన స్నేహితురాలు ఆ టేపు తెంపుతుంటే అందరికన్నా గట్టిగా అరిచింది కూడా. సాయంత్రం టీచరుగారి అనుమతితో ఇద్దరం బీచి రోడ్డులో రెండు ఫర్లాంగులు నడిచాం. తనకు ఎడమ కుంటు, నాకు కుడి కుంటు. కుక్కలు కూడా జాలిపడి ఊరుకున్నాయి.

మొన్న పద్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త మస్టరు జత చేసింది. వారంలో నాలుగు పి లు, మూడు ఏ లు. ఏ ఉన్నచోటల్లా పక్కన "నొప్పి, నిజం" అని రాసి ఉంది. కాలు తేలికపడిందట, వచ్చే వారం నుంచి మెల్లగా పరుగు మొదలుపెడుతుందట. ఆఖరున ఎర్రసిరాతో ఒక సూచన:

"మీ మస్టరు పంపండి నాన్నగారూ. బస్సులో వెళ్ళిన రోజులకు వేరే గడి గీయండి."

గీశాను. ఆ గడిలో ఇప్పటికి రెండు పి లున్నాయి. రెండోసారి మాత్రం సీట్లో కూర్చునే వచ్చాను.