రెండో దిండు

మా ఆయనకి తల కింద ఎత్తు దిండు లేకపోతే నిద్ర పట్టేది కాదు. నలభై ఏళ్ళు దూది ఏకిన మనిషి, వంగి వంగి మెడ పట్టేసింది. అందుకని రెండు దిండ్ల దూది ఒక్క గలీబులో కూరి తనకోసం ఒకటి కుట్టుకున్నాడు. పెళ్ళికి వెళ్ళినా, పురుడికి వెళ్ళినా దాన్ని చంకలో పెట్టుకునే బస్సెక్కేవాడు. "దీనికి హాఫ్ టికెట్టా, ఫుల్ టికెట్టా?" అని కండక్టర్లు ఆటపట్టించేవాళ్ళు. ఆ దిండు మర్చిపోయిన మర్నాడు మాత్రం ఆయనతో మాట్లాడటం ఎవరి తరమూ కాదు. టీ ఇచ్చినా కసురే, ఇవ్వకపోయినా కసురే.

అలాంటి మనిషిని ఉత్త మట్టి మీద పడుకోబెట్టి వచ్చారు.

మాది దూదేకుల ఇల్లు. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. తిరువూరులో మా పరుపుల కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. ఫోము పరుపులు వచ్చాక మా దగ్గరికి ఎవరొస్తారంటే, పాత దూది మళ్ళీ ఏకించుకునేవాళ్ళు, బాలింతలు, చనిపోయినవాళ్ళు. చనిపోయినవాళ్ళంటే వాళ్ళే నడిచి రారు లెండి, వాళ్ళ తాలూకు మనుషులు వస్తారు. ఊళ్ళో ఏ మతంవాళ్ళు పోయినా ఎంతో కొంత దూది మా కొట్లోంచే వెళ్ళాలి.

ఆయన పోయిన రోజు జనాజా, అదే పాడె, లేపబోతుంటే నేను ఆ దిండు పట్టుకుని గడప దాకా వచ్చాను. మసీదులో నమాజు చేయించే పెద్దాయన్ని మేం హజ్రత్ అంటాం. ఆయనతో అన్నాను, "హజ్రత్, ఇది కూడా ఆయన తల కింద పెట్టించండి."

"అమ్మా, అక్కడ దిండు పెట్టరు. నవాబుకైనా మట్టే."

"నవాబులకి మెడనొప్పి ఉండదు హజ్రత్, ఈయనకి ఉంది."

ఆయన జనాజా ఎత్తమని మగవాళ్ళకి సైగ చేశారు. ఆడవాళ్ళు నన్ను లోపలికి లాగేశారు.

నా భయం ఏంటో చెప్తాను. చిన్నప్పటి నుంచి విన్నదే. సమాధి చేసి జనం వెనక్కి తిరగగానే ఇద్దరు దూతలు వచ్చి మనిషిని లేపి కూర్చోబెడతారు. నీ దేవుడెవరు, నీ మతమేది, నీ ప్రవక్త ఎవరు అని అడుగుతారు. సరిగ్గా చెప్పినవాడికి సమాధి విశాలమైపోతుంది, కయామత్ దాకా, అంటే ప్రళయం రోజు దాకా, కొత్త పెళ్ళికొడుకులా నిద్రపోతాడు. చెప్పనివాడికి ఇరుకే. మా ఆయనకి సమాధానాలు రావని కాదు నా బాధ, అన్నీ వచ్చు. కానీ మెడ పట్టేసి ఉంటే చెప్పడు. "ముందు దిండు తెండి, తర్వాత అడగండి" అంటాడు. ఎదురుగా ఉన్నది దూతలని కూడా చూడడు. నలభై ఏళ్ళు కాపురం చేశాను, నాకు తెలియదా?

నాలుగు నెలల పది రోజులు, భర్త పోయినవాళ్ళు పాటించే ఇద్దత్తులో గడప దాటకుండా కూర్చుని ఇదే ఆలోచన. ఆ తర్వాత మళ్ళీ కొట్టు తెరిచాను.

మా పక్క కొట్లో శవపేటికలు చేస్తారు. చేసేది చర్చికి వెళ్ళే తమ్ముడు, నన్ను అక్కా అంటాడు. పెట్టెలోకి పరుపు ముక్క, చిన్న దిండు నాతోనే కుట్టిస్తాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"తమ్ముడూ, ఆఖరి రోజు బూర ఊదితే మీవాళ్ళంతా లేచి నిలబడతారు కదా. లేచేవాళ్ళకి దిండెందుకయ్యా?"

"బూర ఎప్పుడు ఊదుతారో ఎవరికి తెలుసక్కా? అప్పటిదాకా పడుకోవాలిగా."

"మాకూ బూర ఉంది. దిండే లేదు," అన్నాను. తమ్ముడు సుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే రెడ్డిగూడెం నుంచి మామిడి తోటల అమ్మగారు ఫోన్ చేశారు. వాళ్ళాయన పోయారు, పదకొండో రోజు శయ్యాదానం ఇవ్వాలి. మంచం, పరుపు, దిండు, దుప్పటి, గొడుగు, చెప్పులు అన్నీ ఒక పంతులుగారికి దానమిస్తే, పోయిన మనిషికి దారిలో అందుతాయని వాళ్ళ నమ్మకం. పరుపు, దిండు నన్ను కుట్టమన్నారు. ఇన్నేళ్ళలో ఇలాంటివి ఎన్నో కుట్టాం గానీ, ఒంటరిగా కుట్టింది అదే మొదలు.

పరుపు అయిపోయింది, దిండు అయిపోయింది. కొత్త దూది ఇంకా చాలానే మిగిలింది. చేతులు ఊరుకోవు కదా, ఇంకో గలీబు కత్తిరించాయి. కూరి కూరి కుట్టేసరికి చూద్దును కదా, ఎత్తుగా, అచ్చం మా ఆయన మెడ కొలతకి వచ్చింది. దాన్నీ ఆటోలో వేసుకుని రెడ్డిగూడెం వెళ్ళాను.

అమ్మగారు చూడగానే కనిపెట్టారు. "ఒక్క దిండే కదే చెప్పాను?"

"ఒకటి మీ వారికి, ఇంకోటి మా ఆయనకి అమ్మగారూ. ఎలాగూ మీ బండి అటే వెళ్తోంది కదా అని..."

చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అమ్మగారు ఆ ఎత్తు దిండు చేతిలోకి తీసుకుని నొక్కి చూశారు.

"మీ ఆయన గురక పెడతాడా?"

"గోడలు అదురుతాయమ్మగారూ."

"ఇక మా ఆయనకి నిద్ర పట్టినట్టే," అని పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ పది రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారని కోడలు తర్వాత చెప్పింది.

నాకూ ధైర్యం వచ్చి అడిగాను. "మళ్ళీ పుడతారంటారు కదా మీలో. పుట్టేవాళ్ళకి ఉయ్యాల కావాలి గానీ పరుపెందుకు?"

"ఏడాది పాటు నడవాలే ఆ దారి. మధ్యలో నడుం వాల్చొద్దూ?"

ఆ మాట నాకు నచ్చింది. రెండు దిండ్లూ దానంలో వెళ్ళిపోయాయి.

ఇంటికొచ్చాక మాత్రం అనుమానం పట్టుకుంది. వాళ్ళ దారిలో పంపిన దిండు మావాళ్ళ దగ్గరికి ఎలా వస్తుంది? పైగా పాపమేమో? మర్నాడే హజ్రత్ గారింటికి వెళ్ళి, తలుపు పక్కన నిలబడి అంతా చెప్పేశాను. ఆయన ముందు కోప్పడ్డారు, తర్వాత మెత్తబడ్డారు.

"దిండు ఆయన దగ్గరికి వెళ్ళదమ్మా. కానీ ఆయన పేరున ఇచ్చిన దానం వల్ల బతికున్న మనిషి ఒకడు సుఖపడితే, ఆ సవాబు, ఆ పుణ్యం, ఆయనకి చేరమని దువా చెయ్యండి. దూది చేరదు, సుఖం చేరుతుంది."

అప్పటి నుంచి ఐదు పూటలా అదే దువా. ఎవరో తెలియని ఆ పంతులుగారు హాయిగా పడుకోవాలని.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం ఎ.కొండూరు బస్సు దిగి ఒక బక్కపలచటి పంతులుగారు కొట్టు ముందుకొచ్చారు. చంకలో దిండు. అచ్చం మా ఆయన బస్సు దిగి వచ్చినట్టే ఉంది ఆ నడక.

"ఇది కుట్టింది మీరేనా అమ్మా? ఇది దిండా, అరుగా? మెడ ఇటు తిరిగితే అటు తిరగట్లేదు."

"అయ్యో, మామూలు దిండు ఇంకోటి ఉండాలి కదండీ?"

"అది మా ఆవిడ తీసుకుంది. మీరు వెళ్ళి అడగండి, ఇస్తుందేమో."

అంటే నేను రోజుకి ఐదుసార్లు పైకి పంపుతున్నది మెడనొప్పా?

దిండు తీసుకుని కుట్టు విప్పాను. దూది తీద్దామంటే చెయ్యి రాలేదు. అది ఆయన కొలత. కానీ ఇప్పుడు తల పెట్టేది ఈయన. కళ్ళు మూసుకుని పిడికెడు తీశాను.

"పడుకుని చూడండి," అని కొట్లో బల్ల చూపించాను.

"ఇంకొంచెం తగ్గాలి."

ఇంకో పిడికెడు తీశాను. "ఇప్పుడో?"

"ఎడమ పక్క గట్టిగా ఉంది."

ఆ పక్క దూది చేత్తో విడదీసి సర్దాను. "ఇప్పుడండీ?"

తల ఎత్తి చూస్తే, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. కాసేపటికి గురక కూడా మొదలైంది, మా ఆయనంత కాదు గానీ ఫర్వాలేదు.

దూది ఏకే మిషను స్విచ్చి కట్టేశాను. పక్క కొట్లో తమ్ముడు పెట్టెకి మేకు కొట్టబోతుంటే పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటక్కా? ఎవరాయన?"

"కొట్టకురా. ఇప్పుడే నిద్ర పట్టింది."

అటు పక్క ఎ.కొండూరు బస్సు హారన్ కొట్టుకుంటూ కదిలిపోయింది. పోతే పోయింది, ఇంకోటి వస్తుంది. తీసిన దూది రెండు పిడికిళ్ళూ ఒళ్ళో పెట్టుకుని, ఆయన లేచేదాకా అక్కడే కూర్చున్నాను.