గుమ్మడికాయ వేలం

ఆ గుమ్మడికాయ సంగతి వినగానే నాకు ఒళ్లు మండిపోయింది. మా గుడిసె మీద కాసింది అదొక్కటే. విత్తు నాటి నీళ్లు పోసింది నేను. అమ్మేమో దాన్ని కోతల పండుగకు దేవునికి కృతజ్ఞత కానుకగా ఇస్తానంది. ఏం మేలు జరిగిందని కృతజ్ఞత?

యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు పదేళ్లు. తాపీ పని చేసే మా నాయిన పేట్ బషీరాబాద్‌లో గోడ కడుతూ పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బహదూర్‌పల్లి నుంచి వచ్చి కట్టు కట్టిన ముసలి సాయిబు మూడు నెలలకు దాన్ని విప్పాడు. "బొక్క అతికింది. ఇగ కాలు కింద పెట్టుడు నీ ధైర్యం. దానికి నా దగ్గర మందు లేదు" అని చెప్పి వెళ్లాడు. ఆ ధైర్యమే నాయినకు రాలేదు. పాదం నేలకు తగిలితే చాలు, చెమటలు పట్టేవి. అమ్మ ఒక్కతే కూలికి పోయి తెస్తే తినేవాళ్లం. "ఇగ నా పని అయిపోయింది" అని ఆయన గోడవైపు తిరిగి పడుకుంటే నాకు భయం వేసేది.

పండుగ ఆదివారం నాయినను బండిలో శామీర్‌పేట చర్చికి తీసుకెళ్లి, తలుపు పక్కన చాప మీద కూర్చోబెట్టాం. పాస్టరయ్య అమ్మ చేతిలోంచి కాయ అందుకుంటూ, "ఏం మేలైందమ్మా?" అని అడిగాడు.

"మా ఇంటాయన లేచి పనికి పోతడయ్యా. గందుకే."

"ఇంక లెవ్వలేదు గదా?"

"లేచినంక అందరు చెప్తరు. నేను ముందుగాల్నే చెప్తున్న."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. 'ఆలూ లేదు చూలూ లేదు' అని వెనక ఎవరో అననే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం నిబ్బరంగా వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆరాధన అయ్యాక కానుకల వేలం. మా చర్చిలో డబ్బు లేనివాళ్లు పని రోజులు పాడేవారు. ఎన్ని రోజులు పాడితే అన్ని రోజులు చర్చికి పని చేసిపెట్టాలి. పాడేవాళ్లు లేచి నిలబడాలి. కోళ్లు పోయాయి, జొన్నలు పోయాయి. మా గుమ్మడికాయను పైకెత్తగానే ఒకాయన లేచి ఒక రోజన్నాడు. ఇంకొకాయన రెండన్నాడు. పాట మూడు దాకా వచ్చింది. నా కాయ ఎవరి కూరలోకో పోతోందని ఏడుపొచ్చింది.

"పది దినాలు. వానకు పడ్డ ఆ ఎనక గోడ నేను కడ్త."

తలుపు దగ్గర్నుంచి నాయిన గొంతు. చర్చి మొత్తం అటు తిరిగింది. పాస్టరయ్య మెల్లగా, "కూసొని పాడితే చెల్లదు గదా తమ్మీ" అన్నాడు.

నాయిన తలుపుచెక్క పట్టుకుని మంచి కాలి మీద లేచాడు. రెండోది గాలిలోనే ఉంది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత నిబ్బరంగా ఉన్న మనిషి గోళ్లు దిగేలా బిగించింది. "పెట్టు నాయినా, పెట్టు" అని నేనే అరిచాను. పెట్టాడు. ముఖమంతా చెమట. అయినా తలుపు వదిలేసి, "పది దినాలు" అన్నాడు మళ్లీ.

నాకు గంతులేయాలనిపించింది, వేశాను కూడా. తర్వాత ఎన్ని గడ్డుకాలాలు వచ్చినా నేను దేవునికి ముందే కృతజ్ఞత చెప్పేస్తూ వచ్చాను. అమ్మ నేర్పిన తొందర అది.

బండి దాకా ఇరవై అడుగులుంటాయి. నాయిన పాడుకున్న కాయను చంకన పెట్టుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేశాడు. గుమ్మడికాయ నేను మోస్తానని చేతులు చాచాను. ఇవ్వలేదు.