మనిషి తాడు

నా చిన్నప్పుడు మా తాత కోపం మునగాల చుట్టుపక్కల పది ఊళ్ళకు తెలుసు. చెట్లెక్కి కొమ్మలు దించడం ఆయన పని. ఇళ్ళ మీదికి వంగిన చింతలు, పిడుగు పడి ఎండిన వేపలు, పశువుల కొట్టాల మీద వేలాడే తుమ్మకొమ్మలు, వీటన్నిటినీ కింద ఒక్క పెంకు పగలకుండా ముక్కలు ముక్కలుగా దించేవాడు. చేయి అంత నెమ్మదిగల మనిషికి నోట్లో మాత్రం నెమ్మది లేదు. గొడ్డలి మొద్దుబారినా, తడి కాళ్ళతో ఎవరైనా చెట్టెక్కబోయినా ఏడు తరాలను ఎత్తి తిట్టేవాడు. ఆ కోపం నాకే వచ్చిందని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ అంటారు. వచ్చింది. డెబ్బై దాటాక దాచుకునేదేముంది?

ఆయన సామాను ఒక గోనెసంచిలో పట్టేది. పెద్ద గొడ్డలి, చేగొడ్డలి, రంపం, సానరాయి, చీమలు పట్టకుండా కాళ్ళకూ చేతులకూ పూసుకోవడానికి గుప్పెడు బూడిద. తాళ్ళు మాత్రం సంచిలో పెట్టేవాడు కాదు. అవి రెండు. ఒకటి కొమ్మ తాడు. నరకబోయే కొమ్మకు దాన్ని కట్టి, పై పంగలోంచి వేసి, కింద మనుషులు పట్టుకుని మెల్లగా దించేవాళ్ళు. రెండోది మనిషి తాడు. చెట్టెక్కినవాడు ఒక కొస నడుముకూ, ఇంకో కొస తలకంటే ఎత్తునున్న గట్టి కొమ్మకూ కట్టుకునేవాడు. దాన్ని గోగునారతో మూడు పురులు పెట్టి తాతే పేనేవాడు. ఆ తాడుతో బర్రెను కట్టకూడదు, బాయిలో బొక్కెన దించకూడదు, దాన్ని నేల మీద పెట్టకూడదు, దాటకూడదు. ఎక్కే ముందు ప్రతిసారీ, మధ్యాహ్నం అన్నం తిని మళ్ళీ ఎక్కేటప్పుడు కూడా, బార బారగా చేతుల్లోంచి లాగి తడిమి చూసేవాడు. పొద్దున చూసిన తాడునే మధ్యాహ్నం మళ్ళీ చూడటమేమిటని నేను లోపల నవ్వుకునేదాన్ని.

నాకు పదేళ్ళున్నప్పుడు నడిగూడెం దగ్గర ఒక పటేలు ఇంటికి పని పడింది. పెంకుటింటి మీదికి ఒరిగిన పెద్ద చింతకొమ్మ ఎండిపోయింది, వానలు రాకముందే దించాలన్నాడు. అప్పటికి తాత మోకాళ్ళు పట్టేసి ఎక్కడం మానేశాడు. మా చిన్నాయన ఎక్కేవాడు, తాత కింద నిలబడి చెప్పేవాడు. చిన్నాయనకు అప్పుడే కొత్తగా పెళ్ళయింది. పొద్దున్నే రెండు చిన్న కొమ్మలు దించారు. పైనుంచి నరికే ముందు కొమ్మ అడుగున నాలుగు వేళ్ళంత గాటు పెట్టాలని, లేకపోతే పట్ట చీరుకుని కొమ్మ మనిషి మీదికి ఊగుతుందని తాత అరుస్తూనే ఉన్నాడు. చిన్నాయనకు ఆ సంగతి పన్నెండేళ్ళ నుంచీ తెలుసు.

మధ్యాహ్నం నేను సద్ది తీసుకెళ్ళాను. వాళ్ళిద్దరూ బూడిద కడుక్కుని తినడానికి బాయి దగ్గరికి పోతూ, సామాను చూస్తూ ఉండమని నాకు చెప్పారు. కొమ్మ తాడు చెట్టు మీదే ఉంది. మనిషి తాడు బండి కాడికి చుట్టలుగా వేలాడుతోంది. అంతలో పటేలు వచ్చాడు. నరికిన మొద్దొకటి వాకిలికి అడ్డంగా పడి ఉంది, దాన్ని ఎద్దులతో పక్కకు లాగించాలట.

"ఆ తాడు జర ఇయ్యి బిడ్డా, గిట్ల కొంచవోయి గట్ల తెస్తరు" అన్నాడు.

ఊళ్ళో పెద్దవాళ్ళే ఆయన ముందు చెప్పులు విడిచి నిలబడతారు. అంతటి మనిషి నన్ను బిడ్డా అని పిలిచి అడిగాడు. నేను ఉబ్బిపోయి నా చేతులతోనే తాడు తీసిచ్చాను. పాలేర్లు దాన్ని మొద్దుకు చుట్టి, రాతిగోడ మూల మీదుగా ఎద్దులతో ఈడ్పించారు. తాడు గోడకు ఒరుసుకుంటూ పోయిన చప్పుడు నేను విన్నాను. పని కాగానే దుమ్ము దులిపి, మళ్ళీ చుట్టలు చుట్టి, ఎక్కడిది అక్కడ తగిలించి పోయారు. చూడటానికి ముందులాగే ఉంది. ఏమీ కాలేదనుకున్నాను, అనుకోవాలని గట్టిగా అనుకున్నాను.

చిన్నాయన ముందుగా తిని వచ్చాడు. తాత ఇంకా బాయి దగ్గరే గొడ్డలి నూరుకుంటున్నాడు. పటేలు తొందర పెడుతుంటే చిన్నాయన తాత కోసం ఆగలేదు. తాడు తీసి నడుముకు కట్టుకున్నాడు, ముడి బిగించాడు, మొదలు మీద కాలు పెట్టాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెబితే తాత చంపేస్తాడనిపించి నోరు మూసుకున్నాను. చిన్నాయన రెండు నిలువుల ఎత్తు ఎక్కాడు.

"దిగు! తాడు సూడకుండ ఎక్కమన్నదెవడురా నిన్ను?"

బాయి గట్టు మీది నుంచే తాత వేసిన కేక అది. చిన్నాయన గొణుక్కుంటూ దిగి తాడు విప్పి ఇచ్చాడు. తాత బార బారగా లాగుతూ ఒక చోట ఆగాడు. రెండు బొటనవేళ్ళతో పురి విప్పాడు. లోపల నార తెగి, నలిగి, పిండిలా రాలింది. మూడు పురుల్లో ఒకటి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. ఆయన ముఖం నల్లబడటం నేను చూశాను.

"ఎవడు ముట్టిండు దీన్ని?"

పాలేర్లు పటేలు వైపు చూశారు. పటేలు ఆకాశం వైపు చూశాడు. "నీ తాడుతోని మాకేం పని?" అన్నాడు. అరగంట కిందట నన్ను బిడ్డా అన్న నోరే అది! ఇంత వయసు వచ్చినా ఆ మనిషిని నేను క్షమించలేదు. చచ్చి ఏ లోకాన ఉన్నాడో కానీ క్షమించను. మరి నేను? నేను బండి చక్రం వెనక నిలబడి, గుంజ పట్టుకుని, ఒక్క మాట మాట్లాడలేదు.

ఒక్క కొమ్మే మిగిలింది, జరసేపటి పని, ఎక్కించమన్నాడు పటేలు. చేతగాకపోతే వేరేవాళ్ళను పిలుస్తానన్నాడు. నలుగురిలో ఆ మాట పడేసరికి చిన్నాయనకు పౌరుషం వచ్చింది.

"ఏం గాదు నాయినా, నేనెక్కుత. తెగని పురి ఉన్నది గద" అంటూ తాడు కోసం చేయి చాపాడు.

తాత ఇవ్వలేదు. తాడును మొద్దు మీద పరిచి, గొడ్డలి ఎత్తి, తెగిన చోటే కాదు, మంచిగా ఉన్న చోట కూడా, మూరెడు మూరెడు ముక్కలుగా నరికాడు. నెలల తరబడి తాను కూర్చుని పేనిన తాడు. ప్రతి దెబ్బకూ పటేలును, పాలేర్లను, చిన్నాయనను పేరుపేరునా తిట్టాడు. చివరి దెబ్బకు గొంతు పోయింది. కొమ్మను అలాగే వదిలేసి బండి కట్టుకుని వచ్చేశాం.

దారిలో చిన్నాయన ఉక్రోషంతో ముందు నడుస్తున్నాడు. బండిలో నేను తాత పక్కన కూర్చున్నాను. మునగాల ఇంకా కనబడకముందే నాకు ఏడుపు ఆగలేదు, చెప్పేశాను. వీపు మీద దెబ్బ పడుతుందని వంగి కూర్చున్నాను. తాత కొట్టలేదు. ఎద్దులను ఆపి, నా గడ్డం పట్టి ముఖం తన వైపు తిప్పుకున్నాడు. పోయిన గొంతుతోనే మాట్లాడాడు.

"తాడు ఇచ్చినందుకు నాకు కోపం లేదు. చిన్నపిల్లవు, పెద్దోడు అడిగిండు, ఇచ్చినవ్. మీ చిన్నాయన అది నడుముకు కట్టుకుంటాంటె సూస్తనే ఉన్నవు సూడు, గందుకు నాకు కోపం. తప్పు జేస్తే తన్నులు తింటవు బిడ్డా. నోరు మూసుకుంటే మనిషి పోతడు. నీ తప్పే అయినా ఒర్రాలె. గొంతు పోయేదాక ఒర్రాలె."

ఆ రోజంతా తాత నాతో మళ్ళీ మాట్లాడలేదు. చిన్నాయనకు మాత్రం నా సంగతి చెప్పలేదు, ఆ రోజే కాదు, తాను పోయేదాకా చెప్పలేదు.

మొన్న సూర్యాపేటలో మా వీధిలో కరెంటు తీగలకు తగులుతున్న వేపకొమ్మలు కొట్టడానికి మిషన్ రంపంతో ఇద్దరు వచ్చారు. ఇప్పుడు నడుము బెల్టులున్నాయి, ఇనుప కొక్కేలున్నాయి, నెత్తికి టోపీలున్నాయి. అన్నీ బండి సీటు మీద భద్రంగా ఉన్నాయి, పిల్లవాడు మాత్రం ఉత్త చేతులతో పైకెక్కాడు. ఏమయ్యా అంటే, ఒక్క కొమ్మే అమ్మమ్మా, జరసేపు అన్నాడు కింద ఉన్న కంట్రాక్టరు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. కుర్చీ లాక్కొచ్చి సరిగ్గా ఆ కొమ్మ కిందే వేసుకుని కూర్చున్నాను. వీధి వీధంతా బయటికి వచ్చేలా అరిచాను. మా అబ్బాయి సిగ్గుతో లోపలికి పోయాడు. ఆ పిల్లవాడు దిగి, బెల్టు పెట్టుకుని, నన్ను తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కాడు. తిట్టుకోనీ. సాయంత్రం తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికి పోయాడు.

తాత చెప్పిన మాట ఇన్నేళ్ళూ ఇలా ఊరందరి దగ్గరా చెల్లించాను, ఒక్క చిన్నాయన దగ్గర తప్ప. ఆయన ముసలివాడై, మిర్యాలగూడలో కూతురి ఇంట్లో మంచం మీద, మనవల మధ్య పోయాడు. నా దగ్గరికి వచ్చినప్పుడల్లా అన్నం తింటూ ఆ కథే ఎత్తేవాడు, మా నాయిన కోపానికి బంగారమసొంటి తాడు ఖరాబు చేసిండని, నలుగురిలో తన పరువు తీసిండని. తండ్రి మీద ఆ కోపం ఆయనకు చివరిదాకా పోలేదు. నేను ఇంకింత కూర వడ్డించి ఊరుకునేదాన్ని. అందుకే ఇప్పుడు నేను ఎవరి మీద అరిచినా అందులో సగం కోపం నా మీదే ఉంటుంది. ఇది ఆయన బతికుండగా, ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. ఆ తాడు ఇచ్చింది నేనే చిన్నాయనా.