సల్వారు మీద సుద్దగీతలు

మా లైనులో కాలర్ కుట్టే మిషను నాది. పదకొండేళ్లుగా నాదే. నాచారంలో బట్టలు కుట్టే కంపెనీలు ఎన్ని ఉన్నా, నా చేతిలో కాలరు మొన తేలినట్టు ఇంకెవరి చేతిలోనూ తేలదు. గొప్పలు చెప్పుకుంటున్నానా? అవును, చెప్పుకుంటున్నాను.

ఆ మిషను ముందు కూర్చోలేని రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు. రెండేళ్ల కిందట మొదలైంది. స్టూలు మీద కూర్చున్న పావుగంటకు తొడల మధ్య, అడుగున, కారం పూసినట్టు మంట పుట్టేది. కాసేపటికి ఆ చోటంతా మొద్దుబారిపోయేది. నిలబడితే తగ్గేది. పడుకుంటే అసలు ఉండేదే కాదు.

మా ఆయనకు నడుము నొప్పి అని చెప్పాను. మా ఇళ్లలో ఆడవాళ్లకు బొడ్డు నుంచి మోకాలి దాకా ఎక్కడ నొప్పెట్టినా అది నడుమే. మా అమ్మ నడుమంది, మా అత్త నడుమంది, నేనూ అదే అన్నాను.

ఏఎస్ రావు నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే మా ఆయనే ముందుకు జరిగి చెప్పాడు.

"నడుము సార్. మస్తు గుంజుతదంట."

డాక్టరు నడుం మీద నొక్కి, ఇక్కడేనా అన్నాడు. అక్కడ నొప్పే లేదు. అయినా తల ఊపాను. ఇద్దరు మగవాళ్ల మధ్య కూర్చుని ఇంకేం చెప్పను? ఎక్స్‌రే తీశారు, తర్వాత స్కానింగ్ తీశారు. నడుము నిక్షేపంలా ఉందని తేలింది. ఇంకో డాక్టరైతే మనసులో ఏమైనా దిగులుందా అని అడిగాడు. ఒళ్లు మండింది. దిగులు మనసులో లేదు నాయనా, స్టూలు మీద ఉంది అనాలనిపించింది. అనలేదు. తప్పు వాళ్లదని చాలాకాలం అనుకున్నాను. లేనిచోట వెతకమని పంపింది నేనే కదా.

ఒకరోజు మా సూపర్‌వైజరమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"అక్కా, గంటకు నాలుగుసార్లు లేస్తున్నవ్. లైను ఆగుతున్నది. వచ్చే నెల నుంచి దారాలు కత్తిరించే బల్ల కాడికి పో. ఆడ నిలబడే పనే."

మర్యాదగానే చెప్పింది. కానీ ఆ బల్ల దగ్గర ఉండేది మిషను తొక్కడం ఇంకా రానివాళ్లు. కంపెనీ బాత్రూములో కూర్చుని కడుపారా ఏడ్చాను. ఏడుపు అయ్యాక గానీ తోచలేదు, అంతసేపు కమోడు మీద కూర్చున్నా మంట పుట్టలేదని.

నొప్పులకే ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఉప్పల్‌లో ఉందని పక్క మిషనామె చెప్పింది. సరే, వెళ్తాను. వెళ్లి మళ్లీ ఏం చెప్పాలి? నోరు పెగలదని నాకు తెలుసు. ఆ ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక పాత తెల్ల సల్వారు తీశాను.

సల్వారుకు రెండు కాళ్లూ కలిసేచోట ఒక ముక్క అతుకుతాం. దాన్ని మియానీ అంటాం. ఆ మాట కటింగ్ మాస్టరుతో రోజూ గొంతు చించుకుని అంటాను, ఎన్నడూ సిగ్గు వేయలేదు. సల్వారు వేసుకుని, స్టూలు మీద మంట పుట్టేదాకా కూర్చుని, లేచి గుడ్డ మీద గుర్తులు పెట్టాను. మంట ఉన్నచోట నీలం సుద్ద, మొద్దుబారినచోట గులాబీ సుద్ద. తర్వాత విప్పి, బల్ల మీద పరిచి, గీతలు కలిపాను. మియానీకి ఎడమ పక్కన, ముందు నుంచి వెనక్కి, ఒక పట్టీలా వచ్చింది. కొలతలు తీసే చేయి కదా, అంగుళం అటూ ఇటూ పోలేదు.

ఉప్పల్‌లో డాక్టరమ్మ దగ్గర మా ఆయనను హాల్లో కూర్చోబెట్టి ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను. ఏం బాధమ్మా అని అడగ్గానే అలవాటుగా నడుమన్నాను. వెంటనే నాలుక కరుచుకుని, కవర్లోంచి సల్వారు తీసి బల్ల మీద పరిచాను.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఎవరు గీశారు ఇది?"

"నేనే మేడం. టైలర్‌ను."

"మధ్య కుట్టును ఈ గీత దాటలేదేం?"

"దాటది మేడం. ఎడమ దిక్కే. ఆడిదాంక వచ్చి ఆగుతది."

మూత్రం తెలుస్తోందా, ఆగుతోందా, కాళ్లలో బలం ఉందా అని ముందు అడిగింది. అవి తేడాగా ఉంటే ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపేదాన్ని అంది. నిద్రలో నొప్పి లేపుతుందా అంది. లేపదన్నాను. ఎక్కడ కూర్చుంటే హాయిగా ఉంటుందని అడిగింది.

"నవ్వొద్దు మేడం. కమోడు మీద."

ఆమె నవ్వలేదు. "నాకు కావలసింది ఇదే" అంది.

కూర్చునే ఎముక పక్కనుంచి ఒక నరం పోతుందట. ప్యుడెండల్ నరం అంటారట. స్టూలు దాన్ని నొక్కుతుంది, కమోడుకు మధ్యలో ఖాళీ కాబట్టి నొక్కదు. నా నడుము స్కానింగులో అది దొరకకపోవడంలో వింత లేదట. తర్వాత నన్ను పరీక్షించి, సరిగ్గా ఒకచోట వేలితో నొక్కింది. "అదే మేడం!" అని అరిచాను. రెండేళ్లలో మొదటిసారి, సరైన చోట అరిచాను. ఆ నరం దగ్గర మత్తు సూది వేస్తాను, నొప్పి పోతే నరమేనని ఖాయం అంది.

సూది వేసిన రోజు హాల్లో ఇనుప కుర్చీలో కావాలనే కూర్చున్నాను. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. మా ఆయన రెండు కప్పుల చాయ్ తెచ్చాడు.

"పోదామా?"

"జర కూసో. నేనిప్పుడే లేవ."

"నడుము తగ్గిందా?"

"నడుము కాదు" అని, చోటు పేరు పెట్టి చెప్పాను.

"ముందే జెప్పొద్దా?"

"ఇప్పుడు జెప్పిన గదా."

గంటసేపు కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత సంతోషం నా పెళ్లి పీటల మీద కూడా లేదు.

నొప్పి పూర్తిగా పోలేదు. వ్యాయామాలు చేస్తాను, అరగంటకోసారి లేస్తాను. మధ్యలో ఖాళీ ఉంచి ఫోముతో నేనే కుట్టుకున్న దిండు వేసుకుంటాను. కాలర్ మిషను నాదే. సల్వారు మాత్రం డాక్టరమ్మ దగ్గరే ఉంది, నేర్చుకునే డాక్టర్లకు చూపిస్తానని అడిగి ఉంచుకుంది. నా పనితనం షర్టుల మీదే కాదు, అక్కడా ఉంది.

పోయిన నెల బొత్తాలు కుట్టే ఆమె, నాకంటే పెద్దది, అన్నం తినేటప్పుడు గోడకు ఆనుకుని నిలబడే తింటోంది.

"ఏమైంది వదినా, కూసోవా?"

"నడుము" అంది, తల వంచుకుని.

చెయ్యి కడుక్కుని వెళ్లి, నా సొరుగులోంచి రెండు సుద్దముక్కలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.