వెనక్కి తిరగని మర్యాద

బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళిన కొత్తలో మా మామగారు ఒక పాత కారు కొన్నారు. డ్రైవరు కోసం ఎక్కడా వెతకలేదు. ఇంట్లో బండి తోలే మనిషి ఉండగా ఇంకొకడెందుకన్నారు. ఎడ్లబండికీ మోటారుకూ తేడా చక్రాల లెక్కలోనే ఉందని ఆయన నమ్మకం. అలా మా బండితాత, అరవైకి దగ్గరపడిన మనిషి, బళ్ళారి పోయి కారు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

తోలడం బాగానే తోలేవాడు. చిక్కల్లా మర్యాదతోనే వచ్చింది. పెద్దలు పలకరిస్తే వాళ్ళ వైపు తిరిగి, చేతులు కట్టుకుని జవాబు చెప్పాలి. వీపు చూపిస్తూ మాట్లాడితే తలపొగరు. ఎడ్లబండి ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. తాత వెనక్కి తిరిగి మా అత్తగారికి ఊరి సంగతులన్నీ చెబుతుంటే ఎడ్లు వాటి పాటికవి ఇల్లు చేర్చేవి. కారుకు మా ఇల్లెక్కడో తెలియదు కదా.

నేను మొదటిసారి ఎక్కిన రోజు అత్తగారు వెనక సీట్లోంచి, "ఏమప్పా, తింటివా?" అన్నారు. తాత స్టీరింగు వదిలేసి, నిండుగా వెనక్కి తిరిగి, చేతులు కట్టుకున్నాడు.

"తింటినమ్మా. రొట్టె, గోంగూర పుండిపల్య."

కారు తిన్నగా జొన్నచేలోకి దిగింది. కంకులు కిటికీలోంచి మా ఒళ్ళో పడుతుంటే అత్తగారు, "రొట్టె మెత్తగుండెనా?" అని అడుగుతూనే ఉన్నారు.

నాకేమో నెలలు నిండుతున్నాయి. మంత్రసాని చెయ్యి వేసి చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, బళ్ళారి పెద్దాసుపత్రికి పోవాల్సిందే అంది. నిజం చెబుతున్నాను, నాకు కాన్పు కంటే ఆ కారంటేనే ప్రాణభయం. అత్తగారు నోరు మూసుకోలేరు, తాత వీపు చూపలేడు, మధ్యలో నేనూ నా బిడ్డా. మామగారి ముందు ఎన్నడూ నోరెత్తని కోడలిని, ఆ రోజు ఎత్తాను.

"తాత మర్యాద నన్ను మింగేస్తాది మామా."

మర్నాడే తాతకు చదువు మొదలైంది. మామగారు ఆయన్ని వసారాలో స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి చేట ఇచ్చి, అదే స్టీరింగు అనుకోమన్నారు. వెనక మంచం మీద ఇంటిల్లిపాదీ ప్రయాణికులం. ఎవరు పిలిచినా తిరగకూడదు. మామగారు "ఏమప్పా" అనగానే తాత చేటతో సహా లేచి నిలబడ్డాడు.

"కూచో! నువ్వు కార్లో ఉండావు!"

తాత మళ్ళీ లేచి వెనక్కి తిరిగాడు. "ఉండానయ్యా."

జట్కా గుర్రానికి కట్టే గంతలు తెప్పించి కట్టారు. పక్కలు కనబడక తల ఇంకా ఎక్కువ తిప్పాడు. మెడకు తువాలు బిగిస్తే నడుముతో తిరిగాడు. మేం నవ్వలేక చస్తుంటే, తాతకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఈ వయసులో నాకు పొగరు నేర్పిస్తాండారు కదయ్యా."

ఆ మాటతో మామగారు నవ్వు ఆపేశారు. కాసేపు వసారాలో అటూ ఇటూ తిరిగి తీర్పు చెప్పారు. "ఇంజను ఆడినంతసేపూ ఈ ఇంటికి పెద్ద నువ్వే. మేమంతా నీకంటే చిన్న. చిన్నోళ్ళు పిలిస్తే పెద్దోడు తిరిగే పని ల్యా."

"మరి అడిగినదానికి జవాబు యాడ చెప్పేదయ్యా?"

"కారు ఆపినాక దిగి చెప్పప్పా."

తాత ఒప్పుకున్నాడు. పెద్దరికం ఉత్తుత్తిది కాదని చూపడానికి, ఆ రోజు నుంచి మామగారే కారు తలుపు తీసి, తాత ఎక్కేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. ఊరంతా ముక్కున వేలేసుకుంది.

నొప్పులు ఒక మధ్యాహ్నం మొదలయ్యాయి. కార్లో మనుషులు పెరిగితే మాటలు పెరుగుతాయని మగవాళ్ళు వెనక ఎడ్లబండిలో బయలుదేరారు. కురుగోడు దాటిన దగ్గర్నుంచీ అత్తగారి నోరు ఆగితే ఒట్టు. "గుంత చూస్తివా? నూనె పోస్తివా? ఆ కనపడేది కొళగల్లేనా? నీ కూతురు యాడుండాది ఇప్పుడు?" తాత ఉలకలేదు, పలకలేదు. ఆవిడ భుజం పట్టి గుంజితే మాత్రం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే గద్దించాడు.

"సుమ్నె కూచో పాపా!"

పుట్టి బుద్ధెరిగాక ఆవిడను అలా అన్నవాళ్ళు లేరు. ఆవిడ నిజంగానే నోరు మూసుకున్నారు.

నడుము విరిగిపోతున్నట్టు నొప్పి వచ్చింది. "తాతా, నేను బతుకుతానా?" అని అరిచాను. ఆ వీపు ఒక్కసారి వణికింది. తిరగలేదు. కారు రోడ్డు మీదే ఉంది. ఆ ఖాకీ వీపును నేను తిట్టని తిట్టు లేదు.

ఆసుపత్రి ముందు ఇంజను ఆగింది. నన్ను మోసుకుపోతుంటే అత్తగారు వెంటే పరుగెత్తారు. తాత ఆవిడ ఎదురుగా చేరి, ముఖం ఆవిడ వైపే ఉండాలి గనక, చేతులు కట్టుకుని వెనక్కి నడుస్తూ మొదలుపెట్టాడు.

"గుంత చూస్తినమ్మా. నూనె పొద్దున్నే పోస్తి. అది కొళగల్లు కాదు, దాని ముందరూరు. నా కూతురు సిరుగుప్పలో ఉండాది, బాగుండాది. మిమ్మల్ని పాపా అంటి, తప్పయింది."

"నీ మర్యాద మండ, పక్కకు జరుగప్పా!" అని ఆవిడ కేకలు.

తాత జరగలేదు. ఒక నర్సును గుద్దుకుని, ఆమెకూ తల వంచి, అడిగిన వరుసలోనే చెప్పుకుంటూ కాన్పు గది తలుపు దాకా వచ్చాడు. అక్కడ అత్తగారిని వదిలేసి నా వైపు నిండుగా తిరిగాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. కట్టుకున్న చేతులు విప్పకూడదు కదా, తుడుచుకోలేదు.

"చిన్నమ్మా, నువ్వడిగింది ఒకటుండాది," అన్నాడు. "బతుకుతావు తల్లీ."