పదకొండు దినాల నీళ్ళు

కర్నూలుకు రాజధాని వచ్చిన ఏడాదే నేనూ ఆ ఊరికి కోడలిగా వచ్చాను. రాజధానికి జరిగిన మర్యాదలు నాకు జరగలేదు, అది వేరే సంగతి. ఊరంతా కొత్త ఆఫీసులు, గుమాస్తాలు, వాళ్ళ ట్రంకుపెట్టెలు. ఇళ్ళు చాలక సర్కారు వాళ్ళు ఊరి బయట డేరాలు వేసి మనుషుల్ని పెట్టారు. గొడ్ల కొట్టానికి సున్నం కొట్టించి బాడుగకు ఇచ్చిన మహానుభావులు మా వీధిలోనే ఉన్నారు. అలాంటి రోజుల్లో మా అత్త చేతిలో రెండు గదుల వాటా ఒకటి ఉండేది. మా మామ పోయాక ఆ ఇంటికి ఆవిడే దొరసాని.

"ఎంతిస్తాడని కాదు, ఎట్లా మనిషని చూడల్ల" అనేది. చూడటానికి ఆవిడకు ఒక పద్ధతి ఉంది. కులం అడక్కుండానే రాబట్టేది. దగ్గు వినబడితే గది చూపించేదే కాదు. అన్నిటికన్నా పెద్ద పరీక్ష నీళ్ళది. ఇల్లు చూడవచ్చిన ఆడమనిషికి కాళ్ళు కడుక్కోమని నా చేత చెంబెడు నీళ్ళు ఇప్పించేది. చెంబు ఖాళీ చేసి ఇంకో చెంబు అడిగితే ఆ సంసారానికి మా ఇంట్లో చోటు లేనట్టే. ఇంటికంతటికీ ఉన్నది ఒక్క బావి. ఎండాకాలంలో చేద అడుగున రాళ్ళకు తగిలి గణగణమనేది. అరుగు మీద కూర్చుని అత్త మనుషుల పాదాల వైపు చూస్తుంటే నాకు నవ్వొచ్చేది. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి లోపలికి పోయి నవ్వుకునేదాన్ని.

చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో రాజంపేట నుంచి బదిలీ అయి వచ్చిన గుమాస్తా ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె చెంబు అందుకుని, పాదం మీద పాదం రుద్దుకుంటూ సన్నగా ధార పోసుకుంది. సగం నీళ్ళు మిగిలాయి. వాటిని పారబోయకుండా మా కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, చెంబు బోర్లించి ఇచ్చింది. అత్త ముఖం విప్పారింది.

"మనుషులు ఎంతమంది ఉండారప్పా?" అని ఆయన్ని అడిగింది.

"ఇద్దరమే పెద్దమ్మా."

ఆ రోజుకు అది అబద్ధం కాదు.

ఆమె నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తొలిచేది, ఆ నీళ్ళు మళ్ళీ చెట్టుకు పోసేది. వాళ్ళు వచ్చాక బావిలో నీటిమట్టం తగ్గలేదని అత్త వీధి వీధంతా చెప్పుకుంది. ఆ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మనిషి ఆమె. నా మొగుడు కూడా అప్పటికి ఉప్పెక్కువైంది, ఉప్పు తక్కువైంది అన్నంతవరకే మాట్లాడేవాడు.

ఎండలు ముదిరే వేళకు ఒకరోజు బావి దగ్గర ఆమె చేంతాడు లాగుతూ ఆగి, నడుము పట్టుకుని నిలబడిపోయింది. ఏమైందక్కా అంటే నా చెయ్యి తీసుకుని చీర మడతల కింద కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది.

"ఏడో నెల. పెద్దమ్మకు నేనే చెప్తాలే" అంది.

నేను ఆగానా? సంతోషం పట్టలేక పరుగెత్తుకుంటూ పోయి అత్తకు చెప్పేశాను. ఏదో ఒక తీపి వండి పెడదామని కూడా అన్నాను. అత్త చేస్తున్న పని ఆపి, ఇద్దరినీ పిలుచుకురమ్మంది.

"పుట్టింటికి ఎప్పుడు పోతాండావు?" అని అడిగింది ఆమెను.

"అమ్మ లేదు పెద్దమ్మా. ఈయనకూ లేదు. ఈడనే ఉండల్ల."

"ఈడ ఎట్లా కుదురుతుంది? పురుడొస్తే పదకొండు దినాలు మైల. మీ చేతులు చేంతాడును తాకగూడదు. ఉండేది ఒకే బావి. మీకు నీళ్ళు ఎవరు తోడి పోస్తారు?"

అత్త ఇంట్లో ఉన్న అందరి ముఖాలూ చూసింది. నన్నూ చూసింది. ఆ పెద్దావిడ ఆ మాట నిజంగానే అడిగిందని నాకు ఇప్పటికీ అనుమానం. ఎవరైనా నేను పోస్తానంటే ఒప్పుకునేదేమో. అక్క కూడా నా వైపే చూసింది. నోరు తెరిచి అడగలేదు, చూసిందంతే.

నేను నోరు విప్పలేదు. కొత్త కోడలిని, భయపడ్డానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. భయం సగమే. ఆ లోతు బావిలో నుంచి పదకొండు దినాలు ఇంకో సంసారానికి నీళ్ళు లాగాలంటే నాకు ఒళ్ళు బరువైంది. ఇదీ నిజం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఉగాదికి ముందే వాళ్ళు డేరాలకు పోయారు. పోయే రోజు పొద్దున ఆమె గదులు ఊడ్చి, మా నీళ్ళ తొట్టి నిండా తోడి పోసి పోయింది. అంత కడుపుతో. నేను లేచేసరికి తొట్టి నిండి ఉంది.

ఆ వాటాకు మళ్ళీ ఎవరూ కుదరలేదు. జనం రాక కాదు, రోజుకొకరు వచ్చేవారు. ఈసారి అత్త చెంబుతో ఆగకుండా ఆడవాళ్ళను నెల తప్పిందా అని ముఖాన్నే అడిగేది. మంచివాళ్ళు దొరికేదాకా తాళం తియ్యనంది. అందుకని వైశాఖమంతా ఆ గదులు ఖాళీ. కింద బేతంచెర్ల బండలు పరిచి ఉండేవి. మధ్యాహ్నం బయట నిప్పులు చెరుగుతుంటే నేను తాళం చెవి తీసుకుని పోయి, ఆ బండల మీద చెంప ఆనించి పడుకునేదాన్ని. ఎంత చల్లగా ఉండేవో.

అలా పడుకుని ఉన్న ఒక మధ్యాహ్నమే వాకిట్లో ఎవరో పిలిచారు. గుమాస్తా. గడ్డం పెరిగి ఉంది, చేతిలో ఇత్తడి బిందె. గడప అవతలే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, బిందెడు నీళ్ళు కావల్ల. డేరాల కాడ పొద్దున్నుంచి నీళ్ళు రాలేదు. బావిని నేను తాకను. మైలలో ఉండాం."

ఆస్పత్రిలో ఆమె సుఖంగానే కన్నదట. ఆడపిల్ల. మూడో రోజున ఇంటికి పొమ్మన్నారట. పోవడానికి ఉన్న ఇల్లు ఆ గుడ్డ డేరా. ఆ ఎండకు పసిది రెండు రోజులే తట్టుకుంది.

"తానం చేయించి తీసుకపోవల్ల" అన్నాడు.

అత్త చేద తీసి నా చేతికిచ్చింది. "పొయ్యి" అంది. అంతలోనే, "ఎత్తి పొయ్యి, బిందెకు తగలనీకు" అని కూడా అంది.

నేను తోడాను. చేద అడుగున రాళ్ళకు తగిలింది. ఎత్తి పోస్తుంటే నీళ్ళు ఆయన కాళ్ళ మీద పడ్డాయి. బిందె సగానికి వచ్చేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సగం చాలమ్మా" అన్నాడు. "బిడ్డ శానా చిన్నది."