చెవి ముట్టుకునే విలేకరి

డెబ్బైల్లో గవర్నర్‌పేట లాడ్జిలో దిగిన ఒక విదేశీ విలేకరికి నేను దుబాసీని. ఏది రాసినా ముందు చెవి ముట్టుకుని "విన్నాను" అనేవాడు. ఆయనకు వచ్చిన తెలుగు అదొక్కటే.

అజ్ఞాతంలో ఉన్న, ఇంగ్లీషు చదివిన విప్లవ నాయకుణ్ణి ఆయన ఒంటరిగా కలిసి, "నాకు దేవుడు లేడు" అన్న అతని మాట పత్రికలో వేశాడు. కల్పించాడని నాయకుడి మనుషులు, ఆచూకీ దాచాడని పోలీసులు మండిపడ్డారు. నెల తిరక్కముందే పోలీసులు నాయకుణ్ణి కాల్చేశారు.

శవాన్ని సొంతూరు పామర్రు తెస్తే, మా చర్చి సంఘపెద్దలు సమాధుల తోట గేటు తియ్యలేదు. విశ్వాసం విడిచినవాడికి లోపల చోటు లేదన్నారు.

నాయకుడి తల్లి, నాతో వచ్చిన విలేకరిని చూపించి, నా చెయ్యి పట్టుకుంది. "అయ్యగారూ, మావాడు ఆ మాట అనలేదని ఈ దొరగారిని చెప్పమనండి. వాళ్ళ నాన్న పక్కన పడుకుంటాడు."

"ఆయన కాదంటే తీస్తామండీ," అన్నాడు పెద్ద.

నేను ఇంగ్లీషులో చెప్పాను. విలేకరి ఆమె వంక తిరిగి, చెవి ముట్టుకున్నాడు. "విన్నాను."

గోడ బయట, కాలవ గట్టున పూడ్చాం.

అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞను ఇప్పటికీ ఆదివారం బడి పిల్లల చేత వల్లె వేయిస్తున్నాను. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి చెవి మీదికి పోతుంది.